'కెన్ ఏబుల్ టు': ఎర్రగీత కింది మాట

'ఐ కెన్ ఏబుల్ టు డు' అని రాసిన పిల్లల్ని చూసి నవ్వని ఇంగ్లీషు లెక్చరర్ మన దగ్గర అరుదు. స్టాఫ్ రూముల్లో దీన్నొక జోకుగా చెప్పుకుంటారు. తెలుగు మీడియం నుంచో ఉర్దూ మీడియం నుంచో వచ్చిన పిల్లల పేపరు దిద్దేటప్పుడు ఆ మాట కింద ఒక ఎర్రగీత పడుతుంది. అరమార్కు పోతుంది. అక్కడితో కథ ముగుస్తుంది. రెండు మాటలూ ఒకే అర్థానివి కాబట్టి ఒకటి చాలన్నది వ్యాకరణం చెప్పే తీర్పు. రాసిన పిల్లకి రెండూ ఎందుకు కావాల్సి వచ్చాయన్న ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టదు.

సరిగ్గా ఇదే మాటని అమెరికాలో ఒక కాలేజీ మొదటి ఏడాది రైటింగ్ క్లాసులో మలేసియా నుంచి వచ్చిన విద్యార్థి ఒకరు రాశారు. అక్కడి టీచరు దాన్ని కొట్టేయలేదు. ఎందుకలా రాశావని అడిగింది. ఆ టీచరు పేరు మిన్-జాన్ లూ. షాంఘైలో పెరిగి, సాంస్కృతిక విప్లవాన్ని చూసి, అమెరికా వెళ్లి ఇంగ్లీషు రాత నేర్పే పనిలో పడిన మనిషి. 1994లో ఆమె రాసిన వ్యాసంలో ఈ ఉదంతం ఉంది. ఆ విద్యార్థి లెక్కలో ఒకటి మనిషి లోపలుండే శక్తి, ఇంకొకటి బయటివాళ్లు ఇచ్చే అనుమతి. శక్తి ఉన్నంత మాత్రాన సరిపోదు, చెయ్యనివ్వాలి కదా! ఆ రెండూ కలిస్తేనే పని జరుగుతుంది. కాబట్టి రెండు మాటలు. వ్యాకరణానికి తప్పుగా కనిపించిన చోట ఒక జీవితానుభవం కూర్చుని ఉందన్నమాట.

ఇంగ్లీషు సొంతభాష కాని పిల్లలు కాలేజీలో అడుగుపెట్టగానే వాళ్లకి పెట్టే ఈ 'బేసిక్ రైటింగ్' కోర్సుల గురించి ముస్లిం రచయితలు ఎందుకు మాట్లాడాలి అని అడిగేవాళ్లు ఉంటారు. భాష నేర్పడం సాంకేతిక వ్యవహారం, అస్తిత్వం రాజకీయ వ్యవహారం అని విడదీసి చూడ్డానికి అలవాటు పడినవాళ్లకి ఆ ప్రశ్న సహజమే. కానీ ఆ కోర్సు చరిత్ర చదివితే అది పుట్టిందే రాజకీయాల్లోంచి అని తెలుస్తుంది.

న్యూయార్క్ నగరంలో హార్లెం ప్రాంతంలో సిటీ కాలేజీ ఉంది. చుట్టూ నల్లజాతి జనం, ప్యూర్టోరికన్లు. కాలేజీ లోపల మాత్రం వాళ్లు కొద్దిమందే. 1969 వసంతంలో ఆ కొద్దిమందే కాలేజీ దక్షిణ ఆవరణను ఆక్రమించుకుని గేట్లు మూసేశారు. వాళ్ల పోరాటం వల్ల, 1975 నాటికి చూద్దాంలే అనుకున్న 'ఓపెన్ అడ్మిషన్స్' పద్ధతి 1970లోనే అమల్లోకి వచ్చింది. హైస్కూలు పాసైన ఎవరికైనా సిటీ యూనివర్సిటీకి చెందిన ఏదో ఒక కాలేజీలో సీటు. ఫీజు లేదు. తలుపు తెరుచుకోగానే అంతవరకూ ఆ మెట్లు ఎక్కనివాళ్లంతా లోపలికి వచ్చారు. ఇంట్లో స్పానిష్ మాట్లాడేవాళ్లు, చైనీస్ మాట్లాడేవాళ్లు, కరీబియన్ దీవుల ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు, నల్లవాళ్ల ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు. వాళ్లు రాసిన మొదటి వ్యాసాలు చూసి ప్రొఫెసర్లకి నోట మాట రాలేదు. వీళ్లు కాలేజీకి పనికిరారు అన్నవాళ్లు చాలామంది. మన దగ్గర రిజర్వేషన్ల మీద వినిపించే 'మెరిట్' ఏడుపు మనకి కొత్త కాదు గనక ఆ గొంతులు ఎలా ఉండి ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు.

ఆ ప్రొఫెసర్ల మధ్యలో మీనా షానెసీ అనే ఆవిడ ఒక పని చేసింది. 1970కీ 1974కీ మధ్య ఆ పిల్లలు ప్రవేశానికి రాసిన వ్యాసాల్ని సుమారు 4,000 దాకా ముందేసుకుని చదివింది. దిద్దడానికి కాదు, అర్థం చేసుకోవడానికి. 1977లో వచ్చిన ఆమె పుస్తకం 'ఎర్రర్స్ అండ్ ఎక్స్‌పెక్టేషన్స్' ఆ చదువు ఫలితం. తప్పులు గాలివాటంగా రావు, వాటి వెనక ఒక తర్కం ఉంటుంది, ఆ పిల్లలు తెలివితక్కువవాళ్లు కారు, రాతకి కొత్తవాళ్లు, అంతే అని ఆమె వందల ఉదాహరణలతో నిరూపించింది. తప్పు కనపడుతుందేమోనన్న భయంతో పిల్లలు తెలిసిన చిన్నచిన్న మాటలకే అంటిపెట్టుకుని ఎలా కుంచించుకుపోతారో చూపించింది. ఆమెతో పాటు ఆ కార్యక్రమంలో పాఠాలు చెప్పినవాళ్లలో ఏడ్రియన్ రిచ్, జూన్ జోర్డన్, ఆడ్రీ లార్డ్, టోనీ కేడ్ బంబారా ఉన్నారంటే ఆ క్లాసురూములు ఎంత వేడిగా ఉండేవో ఊహించుకోవచ్చు.

షానెసీ 1976లో రాసిన ఒక చిన్న వ్యాసం నాకు పుస్తకం కన్నా ఎక్కువ పనికొచ్చింది. అందులో ఆమె లోకం దృష్టిని విద్యార్థి మీంచి టీచరు మీదికి మళ్లించింది. తయారుకాని పిల్లవాడు ముందుకొచ్చినప్పుడు టీచరు నాలుగు దశల్లో మారతాడట. మొదట కోటకి కాపలా కాస్తాడు. తర్వాత స్థానికుల్ని మతం మార్చడానికి పూనుకుంటాడు. ఆ తర్వాత లోతెంతో కొలుస్తాడు. చివరికి తనే దూకుతాడు. ఆ రెండో మాట దగ్గర ముస్లిం పాఠకుడు ఆగకుండా ఉండలేడు. మతం మార్చడం! ఆమె మిషనరీల మీద వ్యంగ్యంగా వాడిన పోలికే అది. కానీ చదువు చెప్పడంలో మతమార్పిడి లక్షణం ఉందని, ఎదుటివాడి దగ్గర ఉన్నదంతా అజ్ఞానం, నా దగ్గర ఉన్నదే వెలుగు అనే ధీమా ఉందని ఒక టీచరు ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. మన దగ్గర మతం మారిన దళితుణ్ణి, ముస్లింని బోనెక్కించేవాళ్లు ఉన్నారు గానీ, బడిలో రోజూ నడిచే ఈ మార్పిడి గురించి అడిగేవాళ్లు లేరు.

అయినా షానెసీ దగ్గర ఒక లోటు ఉంది. దాన్ని పట్టుకున్నది మళ్లీ మిన్-జాన్ లూనే. 1992లో రాసిన వ్యాసంలో ఆమె అభ్యంతరం ఇది: షానెసీ లెక్క ప్రకారం భాష ఒక పాత్ర లాంటిది. పిల్లవాడి భావం ఆ పాత్రలోంచి ఈ పాత్రలోకి ఒలికిపోకుండా పోస్తే సరిపోతుంది. పాత్ర మారినా లోపలిది మారదు. అది నిజమేనా? ఇంట్లో ఒక భాష, కాలేజీలో ఒక భాష ఉన్న పిల్లవాడి లోపల జరిగే గొడవని షానెసీ జాలితో చూసింది, ఓపికతో చూసింది, కానీ చివరికి అది దాటాల్సిన అడ్డంకిగానే చూసింది. లూ ఆ గొడవనే రాతకి ముడిసరుకు అంటుంది. నా మొగ్గు ఇక్కడ లూ వైపే. అయితే 4,000 పేపర్లు చదివిన మనిషి మీద విమర్శ రాయడం, ఆ చదివిన పనికి రుణపడే చేయాలి.

ఈ కోర్సుల్లో తప్పొప్పుల కన్నా లోతుగా పాతుకున్న సంగతి ఇంకొకటుంది. అది వ్యాసం ఆకారం. మొదటి పేరాలో చెప్పదల్చుకున్నది ఒక వాక్యంలో చెప్పెయ్యాలి. దానికి థీసిస్ స్టేట్‌మెంట్ అని పేరు. తర్వాత మూడు పేరాల్లో మూడు కారణాలు. చివరి పేరాలో మొదటి పేరానే కొంచెం మార్చి మళ్లీ చెప్పాలి. ఐదు పేరాల పెట్టె. ఇందులో పట్టకపోతే నీకు ఆలోచించడం రాదు.

ఈ పెట్టెకి శాస్త్రం అనే ముద్ర వేసింది రాబర్ట్ కాప్లాన్ అనే భాషావేత్త. 1966లో ఆయన విదేశీ విద్యార్థులు ఇంగ్లీషులో రాసిన సుమారు 600 వ్యాసాల్ని పరిశీలించి ఐదు బొమ్మలు గీశాడు. ఇంగ్లీషువాళ్ల ఆలోచన నిట్టనిలువు సరళరేఖ. అరబ్బీ, హీబ్రూ మాట్లాడేవాళ్లది ముందుకీ వెనక్కీ పోయే జంటగీతల వంకరబాట. తూర్పువాళ్లది సుడి తిరుగుతూ లోపలికి పోయే చుట్ట. ఫ్రెంచి, స్పానిష్ వగైరాలదీ రష్యన్‌దీ మెలికలు. ఆ బొమ్మలు ఎన్ని టీచర్ ట్రెయినింగు పుస్తకాల్లోకి ఎక్కాయో! అరబ్బీవాళ్లు 'మరియు, మరియు' అంటూ సమానమైన వాక్యాల్ని పక్కపక్కన పేరుస్తారనీ, ఇంగ్లీషులో మాత్రం ఒక వాక్యాన్ని ఇంకొకదాని కింద అణచి కూర్చడమే పరిణతికి కొలబద్ద అనీ ఆయన వాదం. పక్కపక్కన కూర్చోబెడితే పసితనం, ఒకదాని కింద ఒకటి తొక్కిపెడితే పరిణతి! నిచ్చెనమెట్ల వ్యవస్థలో పుట్టిపెరిగిన మనకి ఈ వ్యాకరణం వెంటనే అర్థమవుతుంది.

పోనీ ఆ కొలబద్దనే ఒప్పుకుందాం. తెలుగులో 'లేచి, మొహం కడుక్కుని, నమాజు చదివి, చాయ్ తాగి, పనికి పోయాడు' అంటాం. ఒక్క సమాపక క్రియ కింద నాలుగు అసమాపక క్రియలు. కాప్లాన్ లెక్క ప్రకారం ఇంత అణచి కూర్చే భాష ఇంగ్లీషు కన్నా ఎక్కువ పరిణతి చెందినది కావాలి. కానీ తెలుగు పిల్లవాడు ఆ వాక్యాన్నే ఇంగ్లీషులోకి తెస్తే దాన్ని గొలుసు వాక్యం అని ముక్కలు చేస్తారు. అంటే కొలబద్ద ఒకటే ఉండదు, కొలిచేవాడు ఒకడే ఉంటాడు.

తను మరీ గట్టిగా చెప్పానని కాప్లాన్ 1987 నాటికి ఒప్పుకున్నాడు. నిజాయితీ గల మాటే. కానీ బొమ్మకి ఉన్న బలం సవరణకి ఉండదు. అదీగాక ఆ 600 వ్యాసాలూ పిల్లలు తమ భాషల్లో రాసినవి కావు, పరాయి భాషలో తడుముకుంటూ రాసినవి. తడుముకునే చేతి వంకరని చూసి ఒక జాతి మెదడు వంకరని తేల్చడం ఎలాంటి శాస్త్రం?

జుమ్మా రోజు మసీదులో ఖుత్బా విన్నవాళ్లకి తెలుసు. ముందు అల్లా స్తుతి, ప్రవక్త మీద దరూద్, ఆ తర్వాత 'అమ్మా బాద్' అంటారు. ఇక అసలు సంగతి అని దాని భావం. అంటే అరబ్బీ ఉపన్యాస సంప్రదాయంలో విషయంలోకి ప్రవేశించే గుమ్మం ఎక్కడో అందరికీ తెలిసేలా ఒక మాటే ఉంది. ఇంగ్లీషు వ్యాసానికి థీసిస్ ఎంతో ఖుత్బాకి అది అంత. క్రమం లేక కాదు, క్రమం వేరు. మంచి టీచరుకి ఈ సంగతి తెలిస్తే 'నీ పద్ధతిలో గుమ్మం అక్కడుంది, ఈ పద్ధతిలో ఇక్కడుంది' అని చెప్పగలడు. అరగంటలో అయిపోయే పాఠం అది. చెప్పకపోతే పిల్లవాడికి మూడేళ్లయినా తన తప్పేమిటో తెలియదు.

ఇంకో చిన్న ముచ్చట. ఇంగ్లీషులో 'ఎ', 'ద' అనే ఆర్టికిల్స్ మన పిల్లలకి జీవితాంతం తేలవు. తెలుగులో అవి లేవు, ఉర్దూలో లేవు. కానీ పొద్దున్నే మసీదులో ఖాయిదా పట్టుకుని కూర్చునే పిల్లలు అ-ఆలు దిద్దే వయసులోనే 'అల్' పలుకుతారు. అల్ కితాబ్ అంటే ద బుక్. అరబ్బీలో ఆ 'అల్' చేసేది చాలామటుకు 'ద' చేసే పనే. అర్థం చెప్పకుండా అరబ్బీ చదివించే మౌల్వీ సాబుకి ఈ సంగతి అక్కర్లేదు. ముస్లిం పిల్లవాడి దగ్గర పనికొచ్చేది ఏమైనా ఉంటుందని ఇంగ్లీషు మాస్టారికి అనుమానమే రాదు. ఇద్దరి మధ్యా ఆ పిల్లవాడు తన దగ్గరున్న తాళంచెవి తనకే తెలియకుండా పెరుగుతాడు.

ఇక 'నీ గురించి నువ్వు రాయి' అనే అసైన్‌మెంట్. బేసిక్ రైటింగ్ కోర్సుల్లో ఎక్కువగా ఇచ్చే మొదటి పని ఇదే. ఉద్దేశం మంచిదే. పిల్లవాడికి తెలిసిన విషయం అతని జీవితమే కదా, అక్కణ్ణించి మొదలెడదాం అంటారు. చైనా నుంచి వెళ్లిన ఫాన్ షెన్ 1989లో రాసిన వ్యాసం ఈ మంచితనం లోపలి ముల్లుని బయటపెట్టింది. చైనాలో 'నేను' అనడం అహంకారం, 'మేము' అనడం మర్యాద. అమెరికా టీచరు 'నువ్వు నీలాగే ఉండు' అంది. కానీ ఇంగ్లీషు వ్యాసంలో 'నీలాగే' ఉండాలంటే అతను తనలా ఉండకూడదు! తనది కాని ఒక ఇంగ్లీషు 'నేను'ని తయారు చేసుకుని, దాన్ని తొడుక్కుని రాయాల్సి వచ్చింది. షెన్ దీన్ని ఏడుస్తూ చెప్పడు. రెండు తొడుగులూ మార్చుకోవడం నేర్చుకున్నానని, అది లాభమేనని అంటాడు. అతనికి సాధ్యమైంది. అందరికీ అవుతుందా?

రిచర్డ్ రోడ్రిగెజ్‌కి అవలేదు. కాలిఫోర్నియాలో పెరిగిన మెక్సికన్ కుటుంబపు పిల్లవాడు. బళ్లోంచి క్రైస్తవ సన్యాసినులు ఇంటికి వచ్చి, పిల్లలు వెనకబడుతున్నారు, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడండి అన్నారు. తల్లిదండ్రులు సరేనన్నారు. ఆ తర్వాత ఆ ఇల్లు మూగబోయింది. 1982లో వచ్చిన 'హంగర్ ఆఫ్ మెమరీ'లో అతను ఇదంతా చెప్పి, ఈ నష్టం తప్పదు, బజారు భాషకి ఇంటి భాషని చెల్లించాల్సిందే అని తీర్మానిస్తాడు. ద్విభాషా బోధన వద్దన్నాడు, అల్పసంఖ్యాకులకి ప్రత్యేక అవకాశాలు వద్దన్నాడు. కాబట్టే ఆధిపత్య వర్గాలకి అతను ముద్దొచ్చాడు. రైటింగ్ కోర్సుల పాఠ్యసంకలనాల్లో అతని రచన తరచూ కనపడుతుంది. అతని తీర్మానం నాకు నచ్చదు. కానీ చెల్లించిన ధర దాచకుండా చెప్పినందుకు గౌరవిస్తాను. మన దగ్గర ధర చెల్లించినవాళ్లు రసీదు కూడా చూపించరు. ఇంట్లో అమ్మీతో ఉర్దూ మాట్లాడి, గుమ్మం దాటగానే 'మాది తెలుగే' అని తేలిగ్గా నవ్వేసే పెద్దమనుషులు ఎంతమంది లేరు!

2001 సెప్టెంబరు తర్వాత అమెరికా క్లాసులో కూర్చున్న ముస్లిం పిల్లవాడికి 'నీ గురించి రాయి' అన్న మాట ఎలా వినపడుతుందో ఆలోచించండి. తెల్లపిల్లవాడు కుక్కపిల్ల గురించి రాయొచ్చు, వేసవి సెలవుల గురించి రాయొచ్చు. అబ్దుల్లా అనే పేరున్నవాడు అది రాస్తే దాచిపెడుతున్నాడనిపిస్తుంది. నమాజు గురించి రాస్తే ఛాందసుడు. నేనలాంటివాణ్ణి కాదు అని రాస్తే ముద్దాయి సంజాయిషీ. అతను దిద్దించుకోవాల్సింది వాక్యాల్ని మాత్రమే కాదు. ఇది దూరదేశపు సంగతి కాదు. 1992 డిసెంబరు తర్వాత మన క్లాసురూముల్లో 'జాతీయ సమైక్యత' మీద వ్యాసం రాసిన ముస్లిం పిల్లలు ఎన్ని మాటలు మింగి ఉంటారు! వ్యాసరచన పోటీల్లో మనవాళ్లకి ఆ అంశం మీద మొదటి బహుమతి వస్తే చప్పట్లు మరీ గట్టిగా మోగుతాయి. ఆ చప్పట్లు శైలికి కావు.

మళ్లీ 'కెన్ ఏబుల్ టు' దగ్గరికి వద్దాం. ఉర్దూ మాట్లాడే మన ఇళ్లలో ఆడపిల్ల 'మై జా సక్తీ' అంటుంది. ఆ 'సక్నా'లో శక్తీ ఉంది, అనుమతీ ఉంది. రెండింటినీ ఒకే మాట మోస్తుంది. తెలుగులోకి వస్తే 'వెళ్లగలను' వేరు, 'వెళ్లొచ్చు' వేరు. ఆ పిల్ల ఇంట్లో కలిపి మాట్లాడినదాన్ని బడిలో విడదీయడం నేర్చుకుంటుంది. ఆ తర్వాత ఇంగ్లీషు వస్తుంది. 'కెన్' అంటే గలను అని ఒకరు చెబుతారు, 'మే' అంటే వచ్చు అని ఇంకొకరు చెబుతారు, 'కెన్ ఐ గో?' అని అనుమతి అడగడం క్లాసులోనే వింటుంది. మూడు భాషల్లో ఈ చిక్కుముడి పడ్డ పిల్ల తనకి చేతనైన పనినీ, తనని చెయ్యనిచ్చే పనినీ ఒకే వాక్యంలో చెప్పాలనుకున్నప్పుడు రెండు మాటలు వాడితే అది బద్ధకమా? డిగ్రీలో చేరడానికి ఇంట్లో నెలరోజులు పోరాడిన పిల్లకి శక్తికీ అనుమతికీ ఉన్న తేడా ఆ లెక్చరర్ కన్నా బాగా తెలుసు.

ప్రతి 'కెన్ ఏబుల్ టు' వెనకా ఇంత తత్వం ఉంటుందని నేననడం లేదు. చాలాచోట్ల అది 'చేయగలను'లోని గలని రెండుసార్లు తర్జుమా చేసిన అలవాటే కావచ్చు. అడిగితే కదా ఏదో తెలిసేది!

లూ పద్ధతికీ హద్దులున్నాయి. ఒక మాట మీద క్లాసంతా కూర్చుని చర్చించాలంటే క్లాసులో జనం తక్కువుండాలి, టీచరుకి తీరిక ఉండాలి, పైవాడు సిలబస్ అయిందా అని అడగకూడదు. పరీక్ష అనేది ఒకటుంది. సిటీ యూనివర్సిటీలో 1978 నుంచి రాత పరీక్ష పెట్టారు. 50 నిమిషాలు, ఇచ్చిన అంశం మీద ఒప్పించే వ్యాసం. ఆ పేపరు దిద్దేవాళ్లు విద్యార్థిని పిలిచి ఎందుకిలా రాశావని అడగరు. లూ వ్యాసాల్లో నాకు కొరతగా అనిపించేది ఈ పరీక్ష గదే. రెండు భాషల మధ్య ఘర్షణ సృజనాత్మకం అన్న మాట ప్రొఫెసరు నోట వినడానికి బాగుంటుంది. ఫీజు కట్టి, డిగ్రీకి లెక్కలోకి రాని క్లాసులో రెండోసారి కూర్చున్న పిల్లకి అది అన్నం పెట్టదు. నియమం నేర్పు, అది ఎవరి నియమమో కూడా చెప్పు, ఎప్పుడు పాటించాలో నన్ను తేల్చుకోనివ్వు అని ఆ పిల్ల అడిగే హక్కు ముందు రావాలి. అమెరికా కాలేజీ రైటింగ్ టీచర్ల సంఘం 1974లోనే విద్యార్థులకి తమ భాష మీద హక్కుందని తీర్మానం చేసింది. తీర్మానం ఒక చోట, మార్కుల లిస్టు ఇంకో చోట.

తలుపు తెరిచినవాళ్లే మెల్లగా మూసేశారు కూడా. 1976లో నగరం అప్పుల్లో పడ్డప్పుడు సిటీ యూనివర్సిటీ ఫీజు పెట్టింది. 1847లో మొదలైన నాటి నుంచి ఉన్న ఉచిత చదువు, నల్లవాళ్లు, స్పానిష్‌వాళ్లు పెద్దసంఖ్యలో లోపలికి వచ్చిన ఆరేళ్లకే చెల్లిపోయింది. 1999లో నాలుగేళ్ల డిగ్రీ కాలేజీల్లో ఈ పునాది కోర్సులు ఎత్తేయాలని ట్రస్టీలు తీర్మానించారు. రాయడం రాని వాళ్లు రెండేళ్ల కాలేజీల్లో నేర్చుకుని రండి అన్నారు. కాలిఫోర్నియాలో 2017లో చేసిన చట్టం ఇంకో దారిలో వచ్చింది. ఈ పునాది క్లాసుల మెట్లు ఎక్కుతూ ఎక్కుతూనే పిల్లలు చదువు మానేస్తున్నారు, నేరుగా అసలు కోర్సులో కూర్చోబెట్టి పక్కన సాయం చేయండి అంది. ఒకటి తరిమెయ్యడానికి, ఇంకొకటి ఆపకుండా ఉండటానికి. రెండూ ఒకేలా కనిపిస్తాయి గనక జాగ్రత్తగా చూడాలి.

మన సంగతి. కాలేజీ చదువుకి ఇంగ్లీషు తప్ప దిక్కులేదన్న మాట హైదరాబాదులో ఎవరూ అనకూడదు. 1918లో పుట్టిన ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మీడియంలో నడిచింది. దారుల్ తర్జుమా పెట్టి సైన్సు పుస్తకాలూ చరిత్ర పుస్తకాలూ ఉర్దూలోకి తెచ్చుకున్నారు. ఇంగ్లీషు ఒక తప్పనిసరి సబ్జెక్టుగా ఉండేది, అంతే. 1948 పోలీసు చర్య తర్వాత అదంతా ఇంగ్లీషులోకి మళ్లింది. ముస్లింలం దీన్ని తలుచుకుని నిట్టూరుస్తాం. కానీ నిట్టూర్చేముందు ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రాజ్యంలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం. వాళ్ల పిల్లలకి ఉర్దూయే పరాయి మెట్టు. వాళ్ల కాగితాల మీద ఎర్రగీత గీసింది ఉర్దూ పెన్నే. ఆనాడు పల్లెటూరి తెలుగువాడు ఉర్దూలో చేసిన తప్పులు విని నవ్వుకున్న నవాబుకీ, ఈనాడు 'కెన్ ఏబుల్ టు' విని నవ్వే లెక్చరర్‌కీ తేడా ఏమీ లేదు. పల్లెల్లోని దూదేకుల, పేద ముస్లింలకి ఆ ఉర్దూ కోట ఎప్పుడూ సొంతం కాలేదు కూడా.

తెలుగు ఏం తక్కువ తినలేదు. 'తురక తెలుగు' అని ఒక మాటే ఉంది ఈ భాషలో, వెక్కిరించడానికి. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది, 1998లో 'జల్‌జలా' కవితా సంకలనం వచ్చింది. ఆ కాలంలో మనవాళ్లు దస్తర్‌ఖాన్ అని, సలాం అని, అమ్మీజాన్ అని తెలుగులో రాయడం మొదలుపెడితే 'అడుగున అర్థాలివ్వండి' అన్న సంపాదకులున్నారు. సంస్కృతం మాటకి అర్థం అడగరు. తెలియకపోతే నిఘంటువు చూసుకోవడం పాఠకుడి బాధ్యత. ఉర్దూ మాటకి మాత్రం అర్థం ఇవ్వడం రాసినవాడి బాధ్యత!

2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక పేరున్న కాలేజీల డిగ్రీ క్లాసుల్లో 25 మందికి ఒక్కరే ముస్లిం అని లెక్క తేల్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021లో డిగ్రీ కాలేజీల్లో ఇంగ్లీషు మీడియం తప్పనిసరి అని నిర్ణయించింది. పేదలకి ఇంగ్లీషు కావాలి, అందులో సందేహం లేదు. ఇంగ్లీషు చదివిన పిల్లల తండ్రులే పేదలకి మాతృభాష గొప్పతనం బోధిస్తే మనం వినక్కర్లేదు. కానీ మీడియం మార్చడం వేరు, రాయడం నేర్పడం వేరు. ఉర్దూ మీడియంలో టెన్త్ చదివి, ఇంటర్ తెలుగు మీడియంలో కానిచ్చి, డిగ్రీలో ఇంగ్లీషు పాఠ్యపుస్తకం ముందు కూర్చున్న పిల్లలకి మొదటి సెమిస్టరు ఇంగ్లీషు పేపర్లో దొరికేదేమిటి? ఒక గద్యపాఠం, ఒక పద్యం, ఖాళీలు పూరించండి, ఒక ఉత్తరం నమూనా. గైడు కొనుక్కుని ఆ ఉత్తరాన్ని కంఠతా పట్టి దించేస్తారు. దించిన దాంట్లో తప్పులుండవు. 'కెన్ ఏబుల్ టు' కూడా ఉండదు. ఆ కాగితం మీద ఎర్రగీత పడదు, పాసు మార్కులు పడతాయి, రాసిన పిల్ల మాట ఒక్కటి కూడా అందులో ఉండదు.